టికెట్టు మాకు, బిల్లు బ్రామ్లీకి

ఎన్నికల్లో ఇచ్చిన మాట తప్పినందుకు నాయకుల్ని తిట్టుకోవడం మనకి అలవాటే. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నందుకు కోర్టు బోనెక్కిన కథలు మాత్రం అరుదు. 1981లో లండన్‌లో అలాంటిది ఒకటి జరిగింది. బస్సు, ట్యూబ్ రైలు ఛార్జీలు పావువంతు తగ్గిస్తామని మేనిఫెస్టోలో రాసుకుని ఒక పార్టీ నగర కౌన్సిల్ ఎన్నికల్లో గెలిచింది. అయిదు నెలల్లో నిజంగానే తగ్గించింది. ఇంకో రెండున్నర నెలలకి, అలా తగ్గించడం చట్టవిరుద్ధం అని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం తేల్చేసింది. ఆ తర్వాతి మార్చిలో ఛార్జీలు దాదాపు రెట్టింపయ్యాయి.

ఇదంతా మనకెందుకు అంటారా? లండన్‌కి ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన మనవాళ్ళని కదిపి చూడండి. రెండు విషయాలు తప్పకుండా చెప్తారు. ఒకటి ఈస్ట్ హామ్‌లో దొరికే భోజనం, రెండోది జోన్లు. ఏ జోన్‌లో ఇల్లు తీసుకుంటే అద్దెలో ఎంత మిగుల్తుంది, అందులో ట్రావెల్‌కార్డుకి ఎంత పోతుంది అని ఎక్సెల్ షీట్లు వేసిన ఘనులు మనలో చాలామందే ఉన్నారు. ఆ ట్రావెల్‌కార్డు ఈ గొడవలోంచి పుట్టిందే. అందుకని ఆ గొడవ ఏమిటో మొదట్నుంచీ చూద్దాం.

గ్రేటర్ లండన్ కౌన్సిల్, పొట్టిగా జీఎల్‌సీ, 1965లో పని మొదలుపెట్టింది. కింద 32 బరోలు (ఒక్కోటి ఒక మునిసిపాలిటీ అనుకోండి), వాటితోపాటు పాత సిటీ ఆఫ్ లండన్, వీటన్నిటి పైన జీఎల్‌సీ. 1970 జనవరి 1 నుండి లండన్ ట్రాన్స్‌పోర్ట్ కూడా దీని కిందికి వచ్చింది. అంటే ఎర్ర బస్సులు, ట్యూబ్ రైళ్ళు. రోజూ నడిపే పని లండన్ ట్రాన్స్‌పోర్ట్ ఎగ్జిక్యూటివ్ అనే సంస్థది. విధానం ఏమిటి, ఛార్జీలు ఏ స్థాయిలో ఉండాలి అన్న మాట మాత్రం జీఎల్‌సీది. ఈ ఏర్పాటుకి ఆధారం 1969లో పార్లమెంటు చేసిన ఒక చట్టం. దీన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, కథంతా చివరికి దాంట్లోని ఒక్క పదం మీదకి వస్తుంది.

ఇలా రోడ్లూ, బస్సులూ, రైళ్ళూ ఎన్నికైన కౌన్సిల్ చేతిలోకి వచ్చేసరికి లండన్ స్థానిక ఎన్నికల్లో రవాణా పెద్ద విషయం అయిపోయింది. మొదటి పోట్లాట ఛార్జీల మీద కాదు, రోడ్ల మీద. నగరం చుట్టూ, నగరం లోపలా వలయాలుగా మోటార్‌వేలు వేయాలని జీఎల్‌సీ ఒక భారీ ప్రణాళిక వేసింది. వాటి పేరు రింగ్‌వేలు. అన్నిటికన్నా లోపలి వలయం కిక్కిరిసిన ఇళ్ళ మధ్య నుంచి పోవాలి. వేల ఇళ్ళు కూల్చాలి. చిత్రం ఏమిటంటే ఆ రోజుల్లో లేబర్, కన్జర్వేటివ్ పార్టీలు రెండూ దీనికి అనుకూలమే. కార్లు పెరుగుతున్నాయి, రోడ్లు వెయ్యకపోతే ఎలా అన్నది అప్పటి ఇంగితజ్ఞానం.

1970 ఏప్రిల్‌లో జరిగిన జీఎల్‌సీ ఎన్నికల్లో 'రోడ్ల కన్నా ముందు ఇళ్ళు' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పార్టీ బరిలో దిగింది. ఒక్క సీటు కూడా రాలేదు. అదే ఏడాది జులైలో వెస్ట్‌వే అనే ఎత్తైన రోడ్డు తెరిచారు. కొన్ని ఇళ్ళ పడకగది కిటికీల పక్కనుంచే ఆ రోడ్డు పోతుంది. పక్క వీధుల జనం కిటికీల్లోంచి బ్యానర్లు కట్టి నిరసన చెప్పారు. కాగితం మీద గీతగా ఉన్నప్పుడు ఎవరికీ పట్టని రింగ్‌వే, కాంక్రీటై కళ్ళెదుట నిలబడేసరికి అందరికీ అర్థమైంది. మూడేళ్ళు తిరిగేసరికి, 1970లో డిపాజిట్లు పోగొట్టుకున్నట్టు కనపడిన వాదన 1973లో లేబర్ పార్టీ మేనిఫెస్టోకెక్కింది. ఏప్రిల్ 1973 ఎన్నికల్లో 92 సీట్లలో లేబర్‌కి 58 వచ్చాయి. రెగ్ గుడ్విన్ నాయకత్వంలో కౌన్సిల్ రింగ్‌వేలని రద్దు చేసేసింది. బయటి వలయాల ముక్కలు మాత్రం తర్వాత కేంద్ర ప్రభుత్వం చేతిలో ఎం25గా అతుక్కుని 1986లో పూర్తయ్యాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 'రోడ్డు వెయ్యం' అన్న హామీ నిలబెట్టుకోవడం తేలిక. ఏమీ చెయ్యకుండా ఉంటే చాలు, డబ్బు ఖర్చవదు, ఎవరూ కోర్టుకి వెళ్ళరు. 'ఛార్జీ తగ్గిస్తాం' అన్న హామీ అలా కాదు. దానికి ప్రతి ఏడాదీ డబ్బు కావాలి. గుడ్విన్ కౌన్సిల్ ఛార్జీలు పెంచకుండా కొన్నాళ్ళు ఆపింది. ఈలోపు చమురు సంక్షోభం, ధరల మంట. 1975 నుండి పెంచక తప్పలేదు. 1977లో లేబర్ ఓడిపోయి కన్జర్వేటివ్‌లు వచ్చారు, హొరేస్ కట్లర్ నాయకుడు. ఛార్జీలు పెరగడం ఆగలేదు. ఛార్జీ పెరిగితే ఎక్కేవాళ్ళు తగ్గుతారు, ఎక్కేవాళ్ళు తగ్గితే నష్టం పెరుగుతుంది, నష్టం పూడ్చడానికి మళ్ళీ ఛార్జీ పెంచుతారు. లూపులోంచి బయటికొచ్చే కండిషన్ రాయకపోతే ప్రోగ్రాం ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

దీన్ని ఆపొచ్చని నమ్మినవాళ్ళకి ఒక ఉదాహరణ దొరికింది. ఇంగ్లండు ఉత్తరాన షెఫీల్డ్ చుట్టుపక్కల ఉన్న సౌత్ యార్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ 1970ల నడిమినుంచీ బస్సు ఛార్జీలని కదపకుండా అలాగే ఉంచింది. పిల్లలకి రెండు పెన్నీలు. మిగతా దేశంలో బస్సులు ఖాళీ అవుతుంటే అక్కడ జనం ఎక్కుతూనే ఉన్నారు. తేడా ఎవరు భరించారంటే, ఆస్తిపన్ను కట్టేవాళ్ళు. లండన్ లేబర్ పార్టీ 1981 ఎన్నికలకి ఇదే బాట పట్టింది. మేనిఫెస్టోలో అంకె కూడా స్పష్టంగా వేసింది. 25 శాతం తగ్గిస్తాం, ఆ నష్టం ఆస్తిపన్ను నుంచి భర్తీ చేస్తాం అని. వాళ్ళు దాచిందేమీ లేదు. ఎదుటి పక్షం కూడా ఇదే పట్టుకుంది, పన్నులు పెరుగుతాయి జాగ్రత్త అని. అంటే ఓటరుకి రెండు పక్కలా లెక్క తెలుసు.

మే 7, 1981. లేబర్‌కి 50, కన్జర్వేటివ్‌లకి 41, లిబరల్‌కి 1. మర్నాడే లేబర్ సభ్యులు తమ నాయకుడు ఆండ్రూ మెకింటోష్‌ని పక్కనపెట్టి 30–20 ఓట్లతో కెన్ లివింగ్‌స్టన్‌ని ఎన్నుకున్నారు. ఓటర్లు చూసిన మొహం ఒకటి, కుర్చీలో కూచున్న మొహం ఇంకోటి. దీనిమీద పత్రికలు చాలా గోల చేశాయి. మేనిఫెస్టో మాత్రం మారలేదు. అక్టోబర్ 4, 1981న ఛార్జీలు సగటున 32 శాతం తగ్గాయి. చెప్పిన దానికన్నా ఎక్కువే. ఎందుకంటే తగ్గించడంతో పాటు ఛార్జీల పట్టికని కూడా సులువు చేశారు. నగరం నడిబొడ్డున సిటీ, వెస్ట్ ఎండ్ అని రెండు ట్యూబ్ జోన్లు పెట్టారు. బస్సులకీ జోన్లు. ఈ పథకం పేరు 'ఫేర్స్ ఫెయిర్'. బస్సుల్లో, ట్యూబ్‌లో జనం పెరిగారు. పొద్దున్నే నగరం మధ్యకి వచ్చే కార్లు తగ్గాయి.

ఇప్పుడు బిల్లు సంగతి. ఛార్జీలు తగ్గించడానికి పట్టే ఖర్చు 6.9 కోట్ల పౌండ్లు. జీఎల్‌సీ నేరుగా ఇంటింటికీ వెళ్ళి పన్ను వసూలు చెయ్యదు. మీ వాటా ఇంత, జనం దగ్గర వసూలు చేసి పంపండి అని బరోలకి తాఖీదు ఇస్తుంది. ఈ పథకం కోసం ఆ ఏడాది మధ్యలో అదనపు తాఖీదు వెళ్ళింది. దాంతో పోయేదేమో, కానీ ఇంకో చిక్కు ఉంది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1980లో ఒక చట్టం తెచ్చింది. కేంద్రం గీసిన గీత దాటి ఖర్చుపెట్టిన స్థానిక సంస్థకి కేంద్రం ఇచ్చే గ్రాంటులో కోత పడుతుంది. 6.9 కోట్లు అదనంగా ఖర్చుపెట్టినందుకు లండన్‌కి సుమారు 5 కోట్ల గ్రాంటు పోయింది. ఆ అయిదు కోట్లూ బస్సుల్లోకి పోలేదు, టికెట్ల తగ్గింపుకీ పోలేదు. ఊరికే ఆవిరి. కానీ పన్ను కట్టేవాళ్ళు మాత్రం ఆ మొత్తం కూడా కట్టాలి.

బ్రామ్లీ అని లండన్ ఆగ్నేయపు అంచున ఒక బరో ఉంది. కన్జర్వేటివ్‌ల కోట. ఆ బరోలో ట్యూబ్ స్టేషన్ ఒక్కటి కూడా లేదు. అక్కడి జనం ఆఫీసులకి వెళ్ళేది బ్రిటిష్ రైల్ బళ్ళలో. బ్రిటిష్ రైల్ జీఎల్‌సీ కిందిది కాదు, దాని ఛార్జీలు తగ్గలేదు. అంటే బ్రామ్లీ వాసులు ఎవరో ఎక్కే ట్యూబ్‌కి పన్ను కట్టాలి, తాము ఎక్కే రైలుకి పూర్తి ఛార్జీ కట్టాలి. టికెట్టు వాళ్ళకి, బిల్లు మాకా అని బ్రామ్లీ కౌన్సిల్ కోర్టుకి వెళ్ళింది. ఇందులో రాజకీయం లేదని ఎవరూ అనరు. కానీ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు లిఫ్ట్ ఖర్చు మేమెందుకు కట్టాలి అనడం మనం వినలేదా? దానికి ఎదురు జవాబూ అలాంటిదే. బ్రామ్లీలో ఉండేవాడు నగరం మధ్య ఉద్యోగం చేస్తాడు. రోడ్ల మీద కార్లు తగ్గితే, అతని ఆఫీసులో పనిచేసే మిగతావాళ్ళు టైముకి వస్తే, అతనికీ లాభమే. ఎంత లాభం, దానికి ఎంత కట్టాలి అన్నదే తేలని లెక్క.

హైకోర్టులో బ్రామ్లీ ఓడిపోయింది. నవంబర్ 10న అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ ఉన్న బెంచి ముగ్గురూ బ్రామ్లీ వైపు మొగ్గారు. డిసెంబర్ 17, 1981న హౌస్ ఆఫ్ లార్డ్స్‌లోని అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా దాన్నే ఖాయం చేశారు.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న 1969 చట్టం ఇక్కడికి వస్తుంది. లండన్‌కి సమగ్రమైన, సమర్థమైన, 'ఎకనామిక్' అయిన రవాణాని పెంపొందించడం జీఎల్‌సీ బాధ్యత అని అందులో రాసుంది. ఈ 'ఎకనామిక్' అంటే ఏమిటి? నగరానికి మొత్తం మీద గిట్టుబాటయ్యేదా? లేక తన ఖర్చు తాను రాబట్టుకునేదా? రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఇలాంటి ఒక్క పదం వదిలేసి, రెండేళ్ళ తర్వాత క్లయింటుతో దాని అర్థం మీద కొట్టుకునే బతుకులు మనవి. లార్డ్స్‌కి కూడా ఈ పదం మీద ఒకే అభిప్రాయం లేదు. దానికి రకరకాల అర్థాలు రావచ్చని లార్డ్ డిప్లాక్ ఒప్పుకున్నాడు. అదే చట్టంలో ఇంకోచోట, ఒక ఏడాది లోటు వస్తే వీలైనంత వరకూ తర్వాతి ఏడాది పూడ్చుకోవాలని ఎగ్జిక్యూటివ్‌కి నిబంధన ఉంది. ఏ ప్రయోజనం కోసమైనా ఎగ్జిక్యూటివ్‌కి గ్రాంటు ఇచ్చే అధికారం జీఎల్‌సీకి ఉందని మరోచోట ఉంది. కౌన్సిల్ రెండోదాన్ని పట్టుకుంది, కోర్టు మొదటిదాన్ని పట్టుకుంది.

అందరికీ ఉమ్మడిగా కుదిరిన మాట ఇంకోటి. కౌన్సిల్ చేతిలో ఉన్న డబ్బు పన్ను కట్టేవాళ్ళది. ప్రయాణికుల మేలు, పన్ను చెల్లించేవాళ్ళ మేలు రెండూ తూచాల్సిన ధర్మకర్త కౌన్సిల్. గ్రాంటు పోయి భారం దాదాపు రెండింతలయిందని తెలిసాక కూడా ముందుకి పోవడం ఆ ధర్మానికి విరుద్ధం అన్నారు. మరి మేనిఫెస్టో? జనం ఓటేశారు కదా? దానికి కోర్టు జవాబు ఏమిటంటే, ఎన్నికైన సభ్యుడు మేనిఫెస్టోకి కట్టుబానిస కాదు, గెలిచాక ఉన్న పరిస్థితుల్ని చూసి మళ్ళీ బుర్రపెట్టి ఆలోచించాలి అని.

ఈ జవాబు నాకు సగమే మింగుడుపడుతుంది. 1976లో టేమ్‌సైడ్ అనే చోట కొత్తగా గెలిచిన కన్జర్వేటివ్ కౌన్సిల్, పాఠశాలల విధానం మారుస్తామని ఓటర్లకి మాటిచ్చాం అని వాదించినప్పుడు కోర్టులు ఆ మాటకి బాగానే విలువిచ్చాయి. అయిదేళ్ళకి లేబర్ కౌన్సిల్ విషయంలో విలువ తగ్గింది. చట్టాలు వేరు, పరిస్థితులు వేరు, నిజమే. కానీ సామాన్యుడికి కనపడేది ఇంకోలా ఉంటుంది. అదే సమయంలో గ్రాంటు వాదనని కొట్టిపారెయ్యలేం. పదకొండు రూపాయలకి పైగా కట్టించుకుని ఏడు రూపాయల సరుకు ఇచ్చే కొట్టుని మనం ఏమంటాం? ఆ మిగతా నాలుగైదు రూపాయలు కేంద్రం వేసిన జరిమానా అని కొట్టువాడు చెప్పొచ్చు. కట్టేది మాత్రం మనమే.

ఇక తీర్పు ఫలితం చూడండి. మార్చి 21, 1982న ఛార్జీలు 96 శాతం పెరిగాయి. ఆర్నెల్లలో మూడోవంతు తగ్గి, అక్కడ్నుంచి దాదాపు రెట్టింపు. కట్టలేం, కట్టం అంటూ ఉద్యమం నడిచింది. ట్యూబ్‌లో ఆ ఏడాది ప్రయాణాలు సుమారు 50 కోట్లకి పడిపోయాయి. గొడవలో బాగా నలిగింది ఎవరయ్యా అంటే, పొద్దున్నే బస్సెక్కి ఆఫీసులు ఊడ్చడానికి వెళ్ళే మనిషి. ఆ మనిషికి కారు లేదు, ఎకనామిక్ అన్న పదం మీద అభిప్రాయమూ లేదు.

మామూలుగా అయితే కథ ఇక్కడ ఆగిపోవాలి. నాయకులు కోర్టుని తిట్టుకుంటూ మిగతా పదవీకాలం గడిపెయ్యొచ్చు. లివింగ్‌స్టన్ బృందం తిట్టడం తిట్టింది, కానీ దాంతో ఊరుకోలేదు. తీర్పుని పట్టుకుని కూచుని, ఇది ఏం చెయ్యొద్దంది, ఏం చెయ్యొచ్చని వదిలింది అని చదివారు. ఈసారి పన్ను చెల్లించేవాళ్ళ భారమెంత, ప్రయాణికులకి ఒరిగేదెంత అని రెండువైపులా తూచి, కాగితం మీద పెట్టి ఒక ప్రణాళిక వేశారు. దానికి వాళ్ళు పెట్టిన పేరే 'బ్యాలెన్స్‌డ్ ప్లాన్'. ఇది చట్టబద్ధమేనా అని లండన్ ట్రాన్స్‌పోర్ట్‌కి అనుమానం వచ్చింది. ముందే కోర్టులో తేల్చుకుందామని వెళ్ళారు. 1983 జనవరిలో కోర్టు సరే అంది. మే 22, 1983న ఛార్జీలు 25 శాతం తగ్గాయి. మేనిఫెస్టోలో రాసిన అంకె సరిగ్గా అదే! కాకపోతే మధ్యలో ఒక రెట్టింపు వచ్చింది కాబట్టి పాత చోటికి పూర్తిగా చేరలేదు.

అదే రోజు ట్రావెల్‌కార్డు మొదలైంది. ఒక కార్డు, జోన్ల లెక్క, బస్సైనా ట్యూబ్ అయినా ఎన్నిసార్లైనా. ప్యారిస్‌లో 1975 నుండే ఇలాంటి నెలవారీ జోన్ పాస్ ఉంది కాబట్టి ఆలోచన పూర్తిగా కొత్తది కాదు. లండన్‌కి మాత్రం పెద్ద మార్పు. అప్పటిదాకా బస్సు దిగి ట్యూబ్ ఎక్కితే మళ్ళీ టికెట్టు. ఇప్పుడు రెండూ ఒకే కార్డులో. 1985లో బ్రిటిష్ రైల్‌కి కూడా కలిపి ఇంకో కార్డు వచ్చింది, అంటే బ్రామ్లీ వాసులకీ దారి దొరికింది. 1985–86 నాటికి ట్యూబ్ ప్రయాణాలు 70 కోట్లు దాటాయి. ఆర్థిక వ్యవస్థ కోలుకోవడం కూడా దీనికి కారణమే, అంతా కార్డు మహిమ అనను. కానీ ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఆ కార్డుని తీసెయ్యలేదు. ఛార్జీలు తర్వాత ఎన్నోసార్లు పెరిగాయి, జోన్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. 2003లో వచ్చిన ఆయిస్టర్ కార్డు కూడా వాటి మీదే నడిచింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ధర మీద చేసిన రాజకీయం ఆర్నెల్లు నిలబడింది. టికెట్టు పద్ధతి మీద చేసిన పని నలభై ఏళ్ళు దాటినా నిలబడింది.

కేంద్రం ఊరుకుంటుందా? 1984 జూన్‌లో కొత్త చట్టంతో లండన్ ట్రాన్స్‌పోర్ట్‌ని జీఎల్‌సీ నుండి లాగేసుకుంది. 1985లో జరగాల్సిన జీఎల్‌సీ ఎన్నికల్ని రద్దు చేసింది. మార్చి 31, 1986న జీఎల్‌సీనే రద్దయింది. సౌత్ యార్క్‌షైర్ కౌంటీ కౌన్సిల్ కూడా అదే రోజు పోయింది, అక్కడి చవక ఛార్జీలూ దాంతోపాటే పోయాయి. పద్నాలుగేళ్ళ పాటు లండన్‌కి మొత్తంగా ఓటేసి ఎన్నుకునే సంస్థ లేదు. బస్సు ఛార్జీ గురించి అడగాలంటే ఓటరుకి మిగిలింది మంత్రిగారే.

మళ్ళీ 2000లో మేయర్ పదవి వచ్చింది. సొంత పార్టీ టికెట్టు ఇవ్వకపోతే స్వతంత్రుడిగా నిలబడి గెలిచినాయన, ఇంకెవరు, ఆ లివింగ్‌స్టనే. ఈసారి మోటు హామీ ఇచ్చాడు. నగరం మధ్యలోకి కారులో వస్తే డబ్బు కట్టాలి అని. ఫిబ్రవరి 17, 2003న రోజుకి 5 పౌండ్లతో కంజెషన్ ఛార్జి మొదలైంది. ఇది 1981 హామీకి తిరగేసిన బొమ్మ. వసూలు చేసే అధికారం చట్టంలో స్పష్టంగా ఉంది. ఎవరు కడతారో తెలుసు, కారులో వచ్చేవాడు. ఆ డబ్బు ఎక్కడికి పోవాలో కూడా చట్టంలోనే ఉంది, రవాణాకే. 2004లో దీన్ని ఎత్తేస్తానని ప్రచారం చేసిన కన్జర్వేటివ్ అభ్యర్థి స్టీవెన్ నారిస్ ఓడిపోయాడు. 2008లో బోరిస్ జాన్సన్ వచ్చి పడమటి వైపు విస్తరించిన భాగాన్ని 2010 చివర్లో తీయించాడు, పొడవాటి బెండీ బస్సుల్ని తీయించాడు. అసలు ఛార్జీని మాత్రం ఎత్తెయ్యలేదు. తెచ్చినవాడు ఓడినా పథకం మిగిలింది.

2016లో సాదిక్ ఖాన్ నాలుగేళ్ళు ఛార్జీలు పెంచను అని గెలిచాడు. తన చేతిలో ఉన్న టికెట్ల వరకూ మాట నిలబెట్టుకున్నాడు. ట్రావెల్‌కార్డులు మాత్రం రైలు కంపెనీలతో ముడిపడి ఉన్నవి, అవి పెరుగుతూ పోయాయి. నాలుగేళ్ళు పూర్తయ్యే సమయానికి కోవిడ్ వచ్చి ట్యూబ్ ఖాళీ అయింది. 2020 మేలో కేంద్రం 160 కోట్ల పౌండ్ల సాయం చేస్తూ, ఛార్జీలు పెంచాలని షరతు పెట్టింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే ప్రశ్న, డబ్బు ఎవరిది, మాట ఎవరిది అని.

సరే, మన ఊరి సంగతి ఒక్క ముక్క చెప్పి ముగిస్తాను. డిసెంబర్ 2020 హైదరాబాదు కార్పొరేషన్ ఎన్నికల్లో రవాణా హామీలకి కొదవ లేదు. ఫ్లైఓవర్లు అన్నారు, ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం అన్నారు, ట్రాఫిక్ చలాన్లు కార్పొరేషనే కడుతుంది అన్న మాట కూడా విన్నాం. ఇందులో కార్పొరేషన్ చేతిలో ఉన్నవి ఎన్ని? రాజ్యాంగం 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్ తీసి చూడండి. పట్టణ సంస్థలకి అప్పగించదగ్గ 18 అంశాలున్నాయి. రోడ్లు, వంతెనలు ఉన్నాయి. పార్కింగ్ స్థలాలున్నాయి. బస్ స్టాపులున్నాయి. బస్సు లేదు! బస్సు రాష్ట్రం నడిపే ఆర్టీసీది. ఎంఎంటీఎస్ రైల్వేది. మెట్రో కూడా కార్పొరేషన్ మాట వినేది కాదు. ఉచిత ప్రయాణం తెలంగాణలో డిసెంబర్ 2023లో, ఆంధ్రప్రదేశ్‌లో ఆగస్టు 2025లో నిజంగా వచ్చిందంటే అవి అసెంబ్లీ ఎన్నికల హామీలు కాబట్టి. మన కార్పొరేటర్లు ఎప్పుడూ ఫ్లైఓవర్ల గురించే మాట్లాడతారని విసుక్కుంటాం. వాళ్ళ చేతిలో ఉన్నది రోడ్డే, మరి దేని గురించి మాట్లాడతారు?

ప్యారిస్ పరిసరాల్లో 1971 నుండి ఇంకో పద్ధతి ఉంది. ఒక సంఖ్యకి మించి ఉద్యోగులున్న కంపెనీలు జీతాల మొత్తంలో కొంత శాతం రవాణా కోసం పన్నుగా కట్టాలి. ఉద్యోగులు టైముకి రావడం వల్ల లాభం కంపెనీకి కూడా కదా అన్నది దాని తర్కం. బ్రామ్లీ ప్రశ్నకి ఇదొక జవాబు. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో ఇలాంటిది అడిగే అభ్యర్థి ఎవరైనా వస్తే మన కంపెనీలు ఏమంటాయో, మన జీతాల మీద దాని ప్రభావం ఏమిటో, అది మనమే ఆలోచించుకోవాలి. క్యాబ్‌లో కూచుని ట్రాఫిక్‌ని తిట్టడం కన్నా కొంచెం కష్టమైన పనే.

ఈసారి మీ వార్డులో ఎవరైనా బస్సు గురించో, రైలు గురించో, రోడ్డు గురించో హామీ ఇస్తే రెండే రెండు ప్రశ్నలు అడగండి. ఇది చేసే అధికారం మీ చేతిలో ఉందా? దీనికి డబ్బు ఎవరు కడతారు? 1981లో లండన్ లేబర్ పార్టీ రెండో ప్రశ్నకి జవాబు మేనిఫెస్టోలోనే రాసింది, మొదటిదానికి జవాబు ఉందనుకుంది. అంత రాసుకున్నవాళ్ళే అలా బోల్తాపడితే, ఏదీ రాయని వాళ్ళ సంగతి వేరే చెప్పాలా?